కళ్లద్దాలు తియ్యక్కర్లేదు

టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ‘‘ఎన్ని రెట్లు చూపిస్తుంది సార్?’’ డబ్బా మీద 500 రెట్లనో, 600 రెట్లనో పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటుంది. ఆ అంకెను అంత దూరం లాక్కెళ్లేది డబ్బాలో ఓ మూల పడి ఉండే బొటనవేలంత గొట్టం. పేరు బార్లో. దాన్ని ఇలా అంకెలు పెంచడానికే వాడుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో డాబాల మీదా బడి ఆవరణల్లోనూ టెలిస్కోప్ నిలబెట్టిన ప్రతిసారీ ఆ గొట్టం చేసే అసలు మేలు వేరే కనిపించింది. అది చూసేవాళ్ల కంటికి సుఖాన్నిస్తుంది.

లెక్క పదో తరగతిదే. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని, కన్ను పెట్టి చూసే ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తేలుతుంది. నా దగ్గరున్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న న్యూటన్ తరహా టెలిస్కోప్. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 పెడితే 65. బార్లోలో ఉండేది పుటాకార కటకం. అద్దం నుంచి ఒకచోటికి చేరుతూ వచ్చే కిరణాలు దాన్ని దాటాక ఇంకాస్త నిదానంగా, ఇంకాస్త దూరంలో కలుస్తాయి. రెండు రెట్ల బార్లో పెడితే 650 కాస్తా 1300 అయినట్టే. అప్పుడు 25తో 52 రెట్లు, 10తో 130. ఇంగ్లండులో ఊలిచ్ సైనిక అకాడమీలో లెక్కలు చెప్పిన పీటర్ బార్లో 1830లలో దీన్ని ఆలోచిస్తే, పనిముట్ల తయారీలో పేరున్న జార్జ్ డాలండ్ చేసిపెట్టాడు.

ఇక కంటి సంగతి. మామూలుగా దొరికే ప్లాసల్ రకం ఐపీస్‌లో కన్ను ఎంత దూరంలో పెట్టాలన్నది దాని నాభ్యంతరాన్ని బట్టి ఉంటుంది, సుమారు ముప్పాతిక వంతు. పది మిల్లీమీటర్ల దానికి ఏడెనిమిది మిల్లీమీటర్లే. రెప్పవెంట్రుకలు గాజుకు తగులుతాయి. కళ్లద్దాలున్నవాళ్లకు పదిహేను, ఇరవై మిల్లీమీటర్లయినా కావాలి. 25 ఐపీస్‌లో ఆ చోటు దొరుకుతుంది. బార్లో తగిలించినా ఆ చోటు తగ్గదు, ఒక పిసరు పెరుగుతుంది కూడా. పెద్ద ఐపీస్ ఇచ్చే వెసులుబాటు పోకుండానే రెట్లు రెండింతలవుతాయి. గద్వాల చీరలో ఒంటికి హాయిగా ఉండే నూలునూ మెరిసే పట్టు అంచునూ కలిపి నేసినట్టు, ఇక్కడ సుఖమూ గొప్పా ఒకదానికొకటి అడ్డం రావు.

గద్వాలలో ఓ సాయంత్రం శని గ్రహం చూపిస్తుంటే, మగ్గం మీద కళ్లు అరగదీసుకున్న ఓ పెద్దాయన వరసలో వచ్చారు. మందపాటి కళ్లద్దాలు. పది మిల్లీమీటర్ల ఐపీస్ దగ్గర వంగి, అద్దం అంచు లోహానికి టకటకా తగులుతుంటే అటూ ఇటూ తల కదిపారు. ‘‘ఏం కానొస్తలేదు సారూ, అంత నల్లగున్నది.’’ కళ్లద్దాలు తియ్యబోతుంటే ‘‘వద్దు పెద్దయ్యా, ఉండనీ’’ అని ఐపీస్ మార్చాను. బార్లో, దానిలో 25. రెట్లు 65 నుంచి 52కు తగ్గాయి. ఆయన వంగి, ఫోకస్ తిప్పే మర మీద నేను పెట్టిన చోట వేళ్లు పెట్టి, నెమ్మదిగా తిప్పి ఆగిపోయారు. చాలాసేపు మాట లేదు. తర్వాత ‘‘ఇది ఉరుకుతున్నదేంది సారూ?’’ అన్నారు.

ఉరికేది మన భూమి. 52 రెట్ల దగ్గర గ్రహం ఒక అంచు నుంచి రెండో అంచుకు జారడానికి నాలుగు నిమిషాల దాకా పడుతుంది. 130 దగ్గర నిమిషంన్నరే. వెనక నలభై మంది పిల్లలు నిలబడి ఉన్నప్పుడు ఆ తేడా ఎంతో చూపించేవాళ్లకు తెలుస్తుంది. శని వలయం తెలియడానికి ముప్పై రెట్లు చాలు. గురుడి మీది పట్టీలకు యాభై దాటితే బాగుంటుంది. అందుకే జనానికి చూపించేటప్పుడు నాది ఎప్పుడూ ఇదే జోడీ.

రెండు రెట్ల బార్లోకు పదిని తగిలించి 130కి వెళ్లకూడదని కాదు. వెళ్లాల్సింది గాలి ఒప్పుకున్న రాత్రి. ఎండాకాలం సాయంత్రాలు వనపర్తి చుట్టుపక్కల బండలూ మన సిమెంటు కప్పులూ పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతుంటాయి. ఆ వేడికి పుట్టే గాలి వణుకును కూడా బార్లో రెండింతలు చేసే చూపిస్తుంది. 130 మిల్లీమీటర్ల అద్దానికి 260 రెట్లు పైహద్దని పుస్తకాల్లో ఉంటుంది. మన డాబా మీద ఏప్రిల్‌లో అందులో సగం నిలిస్తే సంతోషం. కప్పు దిగి మట్టినేల మీద, వీలైతే తెల్లవారుజామున పెట్టుకుంటే చాలా నయం. మూడు రెట్ల బార్లో కొనమని ఎవరికీ చెప్పను. 32, 40 ఐపీస్‌లకు బార్లో తగిలించినా ఇబ్బందే. కన్ను పెట్టాల్సిన చోటు మరీ వెనక్కి జరిగి, తల నిలవక, మధ్యలో నల్లనీడలు తిరుగుతాయి.

మనకు ఒక వరం ఉంది. పదహారు డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి గ్రహాలు బాగా పైకొస్తాయి. 2026 జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చిన గురుడు మిథునంలో ఉండి, నడిరాత్రి దాదాపు నెత్తి మీదికి చేరాడు. అంత పైనున్న గ్రహాన్ని పలచటి గాలిలోంచి చూస్తాం. ఊలిచ్‌లో పీటర్ బార్లోకు ఆ అదృష్టం లేదు.

పెద్ద టెలిస్కోపులు మన దగ్గర లేకపోలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాలలో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ ఉండేది. ఉస్మానియా వాళ్లు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాలది పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ రాయచూరు వైపు నుంచి మన పాలమూరు మీదుగానే అక్కడికి వెళ్లింది. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూశారు. ఇక్కడ ఎన్నో ఇళ్లు తలుపులు బిగించుకున్నాయి. ఆ పెద్ద టెలిస్కోపులు ఆరితేరిన కళ్ల కోసం కట్టినవి. బడిలో, వీధిలో నిలబెట్టేదానికి రకరకాల కళ్లు వస్తాయి: శుక్లాల ఆపరేషన్ అయినవి, సోడాబుడ్డి అద్దాలవి, ఒక కన్ను మూయడం ఇంకా చేతకాని ఐదేళ్లవి.

కాబట్టి బడికి టెలిస్కోప్ కొనే మాస్టార్లకు నా మాట. 4, 6 మిల్లీమీటర్ల ఐపీస్‌ల మీద డబ్బు పెట్టకండి. మంచి 25 ఒకటి, రెండు కటకాలు కలిపి చేసిన రెండు రెట్ల బార్లో ఒకటి తీసుకోండి. ప్లాస్టిక్ కటకమున్నది వద్దు. బార్లో పెట్టగానే ఫోకస్ మారుతుంది, కంగారుపడకండి. దీర్ఘదృష్టి, హ్రస్వదృష్టి మాత్రమే ఉన్నవాళ్లు కావాలంటే అద్దాలు తీసి మర తిప్పుకుంటే సరిపోతుంది. అసమదృష్టి ఉన్నవాళ్లకు మాత్రం మర ఎంత తిప్పినా చుక్క గీతలాగే సాగుతుంది, అద్దాలు ఉండాల్సిందే. ఎవరిది ఏదో చీకట్లో మనకు తెలియదు. మరను వాళ్ల చేతికే ఇవ్వండి.