కూరకి ఖర్చు లేదు

అమ్మ పోయాక వచ్చిన రెండో సంక్రాంతికి ఊళ్లో ఇల్లు అద్దెకిద్దామని తమ్ముడు అన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి పండక్కి నాలుగు రోజుల ముందే అందరం చేరాం. నాన్న ఇనపపెట్టె జోలికి ఎవరూ వెళ్లలేదు. అందులో ముప్ఫై ఏళ్ల కిందటే తేలిపోయిన గట్టు తగాదా కాగితాలున్నాయి. 'నాన్నగారి కాగితాలు, ఉండనీ' అన్నాడు తమ్ముడు. వంటింటి విషయంలో మాత్రం అంత ఆలోచన అవసరం లేకపోయింది. మూతలు లేని డబ్బాలు, పిడి ఊడిన గరిటెలు, పాల కవర్ల కట్ట, అటకమీది అరిసెల చెక్కలు అన్నీ ఒకచోట పోగుపడ్డాయి. కాలేవి భోగిమంటకి, కాలనివి పాతసామాన్లవాడికి. ఆ రెండు కుప్పలుగా విడదీసింది నేనే. ఇరవయ్యేళ్లపాటు తరగతి గదిలో స్త్రీవాద సాహిత్యం చెప్పినదాన్ని.

భోగిమంట కుప్పలో, చెక్కల కింద, ఎరువుల కొట్టువాళ్లు ఉచితంగా ఇచ్చిన 1986 నాటి డైరీ ఒకటి ఉంది. నూనె చేతుల మరకలతో అట్ట నల్లబడింది. వంటల పుస్తకం అనుకుని పేజీ తిప్పాను. వంటల పుస్తకం కాదు, ఇంటి జమాఖర్చు. పాలు, కిరసనాయిలు, ఉప్పు, మిరపకాయలు, తమ్ముడి హాస్టలుకి పంపిన డబ్బు. వారానికి రెండు మూడుసార్లు ఒక మాట కనిపిస్తుంది: 'కూరకి ఖర్చు లేదు.'

ఆ మాట పక్కన ఆ రోజు వండినది కూడా రాసి ఉంది. బీరపొట్టు పచ్చడి. పులిసిన మజ్జిగతో మజ్జిగ పులుసు. మిగిలిన ఇడ్లీపిండితో దిబ్బరొట్టె. రాత్రి అన్నానికి పొద్దున చింతపండు పులుసు పట్టించిన పులిహోర. దొడ్లో గెల కొట్టినరోజు అరటిపువ్వు కూర. చదువుతుంటే మొదట ముచ్చటేసింది. రెండో పేజీకి వచ్చేసరికి ముచ్చట తగ్గింది. అరటిపువ్వు వలవడం తెలిసినవాళ్లకి ఆ 'ఖర్చు లేదు' ఏమిటో తెలుస్తుంది. ఒక్కో దొప్ప తీసి, ఒక్కో పువ్వులోంచి గట్టి కాడ, పైపొర ఏరి, జిగురుకి చేతికి నూనె రాసుకుని, తరిగి మజ్జిగలో వేసుకోవాలి. పూట గడిచిపోతుంది. బీరకాయ కూరకి పది నిమిషాలు చాలు. దాని పొట్టుని పచ్చడి చెయ్యాలంటే కడగాలి, వేయించాలి, రోట్లో నూరాలి. అంటే కూరకి ఖర్చు లేని రోజున అమ్మకి పని ఎక్కువ. డబ్బు మిగిలింది ఎక్కడినుంచో కాదు, ఆమె ఒంట్లోంచి. ఆ డైరీలో ఆ పద్దు రాయడానికి గడి లేదు.

మన సాహిత్య విమర్శ కూడా ఆ గడి గీయలేదనే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను. వంటిల్లు మనకి కొత్త విషయం కాదు. విమల 'వంటిల్లు' కవిత చదివిన ఏ స్త్రీ తన ఇంటి గిన్నెల మీద చెక్కి ఉన్న పేరు చూసుకోకుండా ఉండలేదు. మహారాణి అనిపించుకున్న తల్లి ఏలే రాజ్యంలో గిన్నెలన్నిటిమీదా తండ్రి పేరే ఉంటుంది. మా ఇంట్లో స్టీలు డబ్బాల మీద ఇప్పటికీ మా నాన్న పొడి అక్షరాలే ఉన్నాయి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలికి ముగ్గులు పెట్టడంలో మునిగిపోయిన ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఒక పాత స్నేహితురాలు పిలిస్తే తప్ప అది తిరిగి దొరకదు. ఈ రెండు రచనలూ లేకపోతే వంటిల్లు రాజకీయ స్థలమని మన తరానికి అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. అయితే వాటిని పాఠంగా చెప్పీ చెప్పీ నాలాంటివాళ్లం ఒక సుళువు దారి పట్టాం. వంటిల్లంటే చెర అన్నాం. చెరలో ఉన్న మనిషి అక్కడ కూర్చుని ఏం రాసుకుందో చూడలేదు. అందుకే ఆ డైరీని భోగిమంట కుప్పలో పడెయ్యడానికి నా చెయ్యి వెనకాడలేదు.

అచ్చయిన వంటల పుస్తకాలనీ మనం ఇలాగే వదిలేశాం. మాలతీ చందూర్ 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆవిడ నవలల గురించి, 'పాత కెరటాలు' శీర్షికలో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేసిన తీరు గురించి మాట్లాడుకుంటాం. ఎన్నో ముద్రణలు పొంది, పెళ్లయి వేరే ఊరు వెళ్లే ఎంతోమంది అమ్మాయిల సామాన్లలో చేరిన ఆవిడ 'వంటలు-పిండివంటలు' మాత్రం విమర్శకి ఆనని పుస్తకంగానే ఉండిపోయింది. ఎవరింట్లో చూసినా ఉండే పుస్తకాన్ని సాహిత్య చరిత్ర లెక్కలోకి తీసుకోకపోవడం వెనక ఎవరి విలువలు పనిచేశాయో మనం అడగాలి కదా.

అలాగని వంటల పుస్తకాలకి దండవెయ్యమని కాదు. ఏ రచయిత్రి పుస్తకమైనా కానివ్వండి, తెలుగులో వంట రాసే వాక్యాన్ని ఒకసారి వ్యాకరణం దృష్టితో చూడండి. 'నానబెట్టాలి', 'రుబ్బుకోవాలి', 'దించెయ్యాలి'. కర్త ఉండదు. ఎవరు చెయ్యాలో చెప్పనక్కరలేనంతగా అది అందరికీ తెలుసు. కావలసిన పదార్థాల పట్టిక ఇంకా గడుసుది. 'సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఒక కప్పు', 'వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు అరకప్పు'. క్రియ విశేషణమైపోయింది. తరగడం, వేయించడం, పొట్టు తియ్యడం అనే మూడు పనులు వంట మొదలవకముందే, ఎవరూ చెయ్యకుండానే అయిపోయాయి. పుస్తకం లెక్కపెట్టే సమయం పొయ్యి వెలిగించాకే మొదలవుతుంది. ఇంటిపని కనిపించకుండా పోవడమంటే ఏమిటని విద్యార్థులు అడిగితే ఇకమీదట ఈ పట్టికే చూపిస్తాను.

అమ్మ డైరీలో వాక్యం ఇలా ఉండదు. అరిసెల పేజీలో కొలతలతోపాటు మనుషులున్నారు. మూడు కిలోల బియ్యం, రెండుంపావు కిలోల బెల్లం. పిండి దంచడానికి వచ్చిన ఇద్దరి పేర్లు. పాకం పట్టింది మేనత్త. ఆ పక్కనే ఒక హెచ్చరిక: 'పిండి ఆరింది, విరిగాయి.' అరిసెకి పిండి తడిగానే ఉండాలి. పాకాన్ని నీళ్ల పళ్లెంలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే మూడు కిలోల పనీ పోతుంది. ఇంత సూక్ష్మమైన ఎరుకని మనం 'చేతివాటం' అని తేల్చేస్తాం.

ఆ కిందే పంపకం ఉంది. మొత్తం 150. మా అత్తవారింటికి 50, తమ్ముడి హాస్టలుకి 30, మేనత్తకి 20, ఇరుగుపొరుగులకి 24, నాన్నకీ ఇంటికొచ్చే పిల్లలకీ 16, అంట్లు తోమే ఆమెకి 4. కూడితే 144. చివరి వరసలో 'విరిగినవి 6' అని ఉంది. ఆ ఆరింటికి ఎదురుగా ఏ పేరూ లేదు. సత్యవతిగారి కథ ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. ఆ ఖాళీ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది, నాకు దాని అర్థం సగమే తెలుసని.

ఇంకో వరస దగ్గరా నేను ఆగాలి. అంట్లు తోమే ఆమెకి 4. అదే పేజీలో ఆమెకి 'పాత చీర 1'. పిండివంటల మూకుళ్లు, జిడ్డు పళ్లాలు తోమిన ఆ వారానికి అదనపు డబ్బు ఇచ్చినట్టు డైరీలో లేదు. అమ్మ ఒంట్లోంచి తీసిన పొదుపు కొంత, ఆమె ఒంట్లోంచి తీసింది ఇంకొంత. మనకి అక్కర్లేని చీర ఆమె దగ్గరకి చేరేసరికి పండగ బహుమానమైంది. వంటింటి నుంచి విముక్తి అన్నప్పుడు ఏ వంటిల్లు, ఎవరి విముక్తి అని దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న ఇక్కడ నేరుగా తగులుతుంది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఆ గొంతుల్ని ఒకచోట చేర్చింది. వేరే వంటగది అనేదే లేని ఇళ్లున్నాయి. పొలంలోనూ పరాయి ఇళ్లలోనూ పనిచేసొచ్చి పొయ్యి ముట్టించే ఆడవాళ్లున్నారు. వాళ్లకి గంజి, చద్దన్నం, ఉల్లిపాయ పొదుపు పాఠాలు కావు. ఉన్నది అదే. లేమిలో బతకడాన్నీ, ఉండీ దాచుకోవడాన్నీ ఒకే గుణంగా పొగిడే వ్యాసాలు మనం చాలా రాశాం.

పొదుపు అనే మాటకి మన దగ్గర ఇంకో చరిత్ర కూడా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారాకి ఎదురు తిరిగిన ఆడవాళ్లు తర్వాత రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు కట్టారు. సారాకొట్టుకి పోయే డబ్బు తమ చేతుల్లో ఉండాలన్న పట్టుదల అందులో ఉంది. ఆ మాటే తర్వాత అప్పుల వాయిదాల భాషలో కలిసిపోయింది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లని అదుపు చెయ్యడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆడది పొదుపరి అనే పొగడ్త ఎటు తిరుగుతుందో చూసుకోవాలి. ఆమె చేతిలో డబ్బు ఉంచడానికా, ఆమె మీద ఇంకాస్త భారం వెయ్యడానికా?

లెక్కలు కావాలనేవాళ్లకి లెక్కలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్లకి తొమ్మిది తగ్గాయి. మిక్సీ, గ్రైండరు వచ్చినా పని చేతులు మారలేదు.

చివరిగా ఇల్లు సర్దుకోవడం గురించి. మారీ కోండో పుస్తకం 2014లో జపనీసు నుంచి ఇంగ్లీషులోకి వచ్చాక, వస్తువుని చేత్తో పట్టుకుని అది సంతోషం ఇవ్వకపోతే వదిలెయ్యమనే పద్ధతి మన నగరాల ఇళ్లలోకీ వచ్చింది. మా మరదలు దాన్ని నమ్ముతుంది. నాకూ ఆ సూత్రంతో పేచీ లేదు. భోగికి పాతవి వదుల్చుకోవడం మనకి తెలియనిదీ కాదు. పాత చీరల్ని బొంతలు కుట్టడం, స్టీలుసామాన్లకి మార్చుకోవడం చూస్తూ పెరిగాం. పేచీ అంతా 'ఎవరి సంతోషం' అన్నచోట. పాల కవర్ల కట్ట చూస్తే నాకు చిరాకు. పిండికి, వడియాలకి, హాస్టలుకి పంపే పొడులకి అవి అమ్మ పనిముట్లు. గట్టు తగాదా కాగితాలు ఎవరికీ సంతోషం ఇవ్వవు, అయినా ఉన్నాయి. చెత్త అనేది వస్తువు స్వభావం కాదు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దాని తీర్పు. ఆ తీర్పు చెప్పాక తీసి, తుడిచి, సర్దే పని మళ్లీ ఆడవాళ్లదే. మూడో బిడ్డ పుట్టాక తన ఇల్లే మునుపటిలా సర్దడం మానేశానని 2023లో కోండోయే ఒప్పుకున్నారు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

భోగిమంటలో పిడి ఊడిన గరిటెల చెక్కముక్కలు వేశాం. పాల కవర్లని మున్సిపాలిటీ బండికి ఇచ్చాం. వాటిని దాచి ఏడవడం అమ్మకి నేను చెయ్యగల న్యాయం కాదు. డైరీ నా దగ్గరుంది. అమ్మ మీద గౌరవంతో అరిసెలు నేను చెయ్యబోవడం లేదు. ఆ ఏడాది కొన్నాం. పంచేటప్పుడు డైరీ చివరి ఖాళీ పేజీలో అమ్మ పద్ధతిలోనే పట్టిక రాశాను. ఇల్లు కడిగిన ఇద్దరు ఆడవాళ్ల పేర్ల ఎదుట అరిసెలు ఒక వరసలో, రెండు రోజుల కూలి ఇంకో వరసలో రాశాను. నా పేరు కూడా రాశాను. రాయడానికి కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కడిదో ఇంకా ఆలోచిస్తున్నాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి డైరీలు, క్యాలెండర్ల వెనక రాసిన లెక్కలు ఉండే ఉంటాయి. భోగికి ముందు ఒకసారి తెరిచి చూడండి. వంటల కోసం కాదు. చివరి వరస కోసం.