చెవి తెరిపించినవారికి పురస్కారం

ఆర్గాన్ బాగా వాయించేవారికి బహుమతులు చాలానే ఉన్నాయి. దాన్ని ఎలా వినాలో జనానికి నేర్పినవారికి సత్కారం దక్కడం మాత్రం అరుదు. 1896లో న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గానిస్ట్స్ అనే వాద్యకారుల సంఘం, తన నూరో ఏట, 1996లో, అధ్యక్ష పురస్కారాన్ని మైకేల్ బరోన్‌కు ఇచ్చింది. ఆయనకు పేరు తెచ్చింది కచేరీలు కాదు, రేడియో. మిన్నెసోటా పబ్లిక్ రేడియోలో 1982లో ‘పైప్‌డ్రీమ్స్’ కార్యక్రమం మొదలుపెట్టి, స్వరకర్తల గురించీ వాద్యాల గురించీ చెబుతూ, వినిపిస్తూ ఆర్గాన్‌ను ఇళ్లలోకి తీసుకెళ్లారు.

ఈ వాద్యానికి వ్యాఖ్యాత ఎందుకు? వయొలిన్ కచేరీలో కమాను కదలిక కళ్లకు కనిపిస్తుంది. ఆర్గాన్ వాయించే మనిషి చాలా చర్చిల్లో పైనెక్కడో మేడమీద, శ్రోతల వెనక ఉంటాడు. ఎదుట మెరిసే గొట్టాలు కొన్నే, మిగతావన్నీ లోపల దాగి ఉంటాయి. ఏం జరుగుతోందో తెలియనివాడికి వినిపించేది ఒక పెద్ద హోరు, అంతే.

లోపలి సంగతి హార్మోనియం తెలిసినవారికి సులువుగానే అందుతుంది. హార్మోనియంలో గాలి తగిలి రీడు పలుకుతుంది, ఆర్గాన్‌లో గొట్టం పలుకుతుంది. ఒకప్పుడు మనుషులు తిత్తులు తొక్కి గాలి పట్టేవారు, ఇప్పుడా పని కరెంటు బ్లోయర్‌ది. గొట్టాలు వరుసలు వరుసలుగా గాలిపెట్టె మీద నిలబడి ఉంటాయి. ఒక గొట్టం మోగాలంటే రెండు పనులు జరగాలి: మెట్టు నొక్కాలి, ఆ వరుసకు చెందిన ‘స్టాపు’ లాగి ఉంచాలి. స్టాపు లాగకపోతే ఎన్ని మెట్లు నొక్కినా ఆ వరుస పలకదు.

స్టాపుల మీద 8, 4, 16 వంటి అంకెలుంటాయి. అవి అడుగులు. 8 అడుగుల వరుసలో అన్నిటికన్నా కింది స్వరం గొట్టం దాదాపు అంత పొడవు ఉంటుంది, ఆ వరుస పియానో స్థాయిలోనే పలుకుతుంది. 4 అడుగులదైతే ఒక స్థాయి పైన, 16 అడుగులదైతే ఒక స్థాయి కింద. 32 అడుగుల వరుసలో అట్టడుగు స్వరానికి సెకనుకు సుమారు 16 కంపనాలే. దాన్ని చెవికన్నా ముందు ఒళ్లు పట్టుకుంటుంది. గొట్టం పైకొస మూసేస్తే అదే పొడవుకు ఒక స్థాయి కిందికి దిగుతుంది. చోటు చాలని చర్చిల్లో నిర్మాతలు వాడే కిటుకు ఇది.

ఏ రెండు ఆర్గాన్లూ ఒక్కలా ఉండవు. అందుకే కొత్త ఊరు వెళ్లిన వాద్యకారుడు కచేరీకి ముందు చాలాసేపు స్టాపులు కలిపి చూసుకుంటూ కూర్చుంటాడు. చేతులకు రెండు, మూడు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ మెట్ల వరుసలు, పాదాలకు మరొకటి. మెట్టు ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెరగదు, వేలు తీసేదాకా తగ్గదు. మరి తాళానికి ఊనిక ఎలా? స్వరానికీ స్వరానికీ మధ్య వదిలే సన్నని ఖాళీతో. గట్టిగా వినిపించాల్సిన స్వరానికి ముందు రవ్వంత ఎడం ఇస్తే, అది బలంగా పడ్డట్టు చెవి నమ్ముతుంది. వాద్యకారుడి పనితనమంతా ఆ ఎడంలోనే.

శ్రోతకు చెప్పవలసినవి ఇలాంటివే. అట్లాంటిక్ సిటీ నగరంలోని హాల్లో ఉన్న ఆర్గాన్‌కు 33 వేల పైచిలుకు గొట్టాలున్నాయంటే జనం నోరు తెరుస్తారు, చెవి తెరవరు. స్వరకర్త బాఖ్ రాసిన జి మైనర్ ‘చిన్న’ ఫ్యూగ్‌ను చూడండి. ముందు పై గొంతులో ఒంటరిగా ఒక పల్లవి వస్తుంది. అదే పల్లవి రెండోసారి కాస్త కింద, మూడోసారి ఇంకా కింద, నాలుగోసారి పాదాల మెట్ల మీద. ‘నాలుగు రాకలూ లెక్కపెట్టండి’ అని ముందే చెబితే చాలు. హోరుగా తోచింది నలుగురి సంభాషణ అవుతుంది.

ఈ దారిలో బరోన్‌కు ముందూ నడిచినవారున్నారు. ఇ. పవర్ బిగ్స్ 1942 నుంచి 1958 దాకా హార్వర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియం నుంచి సి.బి.ఎస్. రేడియోలో వారం వారం వాయించారు. వర్జిల్ ఫాక్స్ 1970లో న్యూయార్క్‌లో రాక్ సంగీతానికి నెలవైన ఫిల్‌మోర్ ఈస్ట్‌లో, రంగురంగుల దీపాల మధ్య కుర్రకారుకు బాఖ్‌ను వినిపించారు. ఆ ఆర్భాటాన్ని ఈసడించిన పండితులున్నారు గానీ, చర్చి గడప తొక్కని శ్రోతలు ఆయనకు దొరికారు.

ఇలా శ్రోతల్ని సంపాదించడం వాద్యం బతకడానికీ అవసరమే. పెద్ద ఆర్గాన్ ప్రయాణం చేయలేదు. కట్టిన గది గోడలూ ప్రతిధ్వనీ కూడా దానిలో భాగమే. తిత్తుల తోలు ఎండిపోతుంది, ఎండకూ చలికీ శ్రుతి మారుతుంది, మరమ్మతుకు డబ్బు ఆ ఊరివాళ్లే పోగుచేయాలి. 2017లో యునెస్కో జర్మనీ ఆర్గాన్ నిర్మాణ విద్యనూ సంగీతాన్నీ కలిపి మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశంలో సుమారు 50 వేల ఆర్గాన్లున్నాయి. జాబితాలో పేరు గౌరవం తెస్తుందే కానీ తిత్తికి కొత్త తోలు వేయదు. ఆ ఖర్చుకు ముందుకొచ్చేది ఆ వాద్యంలో ఏముందో తెలిసిన ఊరు. ఊరికి ఆ ఎరుక కలిగించినవాడికి, వాద్యాన్ని కట్టినవాడితోనూ వాయించినవాడితోనూ సమానంగా పీట వేయడం న్యాయమే.