మిసెస్

"మా మిసెస్" అని భార్యను బేర్కొనుట మనవారికి నాగరకముగాఁ దోఁచును. దీనికి మాతృకయగు మిస్ట్రెస్ శబ్దమునకు, 1755లో జాన్సను ప్రకటించిన ఆంగ్ల నిఘంటువున, మొదటి యర్థము పాలించు స్త్రీ. ఆ కాలమున ఇల్లో దుకాణమో నడుపు స్త్రీ, పెండ్లి కాకున్నను, మిసెస్ అనియే పిలువఁబడెడిది. క్రమముగాఁ బెత్తనము పోయి పెండ్లిగుర్తు మిగిలెను. మాతృకకో, ఉంపుడుకత్తె యను నర్థమును నంటుకొనెను. మాస్టరు శబ్దమున కట్టి దుర్గతి పట్టలేదు! (పెండ్లియైన పంతులమ్మను బడిపిల్లలు మిస్ అని పిలుచుట వేఱొక వింత.)

తాతలు నలుగురిలో భార్యపేరు పలుకక "మా యింటిది" యనిరి. మనుమఁడు "మా మిసెస్" అనుచున్నాఁడు. ఇందు సంస్కారమేమో మాకుఁ గానరాదు. ఆమెకొక పేరున్నది, పెక్కుండ్రకుఁ బట్టమును గలదు. ఐనను శుభలేఖ కవరుపై నేఁటికిని దఱచుగా భర్తపేరే. దానిముందు "మిస్టర్ అండ్ మిసెస్".