తప్పంతా లేఖకుడిదే

1929 చివర్లో, ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు ప్రొఫెసరుగా ఉన్న జె.ఆర్.ఆర్. టోల్కీన్ తన అచ్చుకాని కావ్యం ఒకటి మిత్రుడికి చదవమని ఇచ్చాడు. పేరు 'లే ఆఫ్ లెయ్‌థియన్'. బెరెన్ అనే మనిషికీ లూథియెన్ అనే ఎల్ఫ్ రాకుమారికీ నడిచిన ప్రేమకథ. 1925లో మొదలైన ఆ కావ్యం పూర్తికాలేదు. 1931లో పక్కన పెట్టేసేనాటికి నాలుగు వేల పంక్తులు దాటింది. అందుకున్న మిత్రుడు సి.ఎస్. లూయిస్. మాడ్లెన్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే 31 ఏళ్ల అధ్యాపకుడు. అప్పటికి టోల్కీన్ హాబిట్లూ లూయిస్ నార్నియా అచ్చులోకి రాలేదు.

లూయిస్ రాత్రి పొద్దుపోయేదాకా చదివాడు. వెంటనే ఉత్తరం రాశాడు. మనసారా మెచ్చుకున్నాడు, పంక్తుల మీద చిన్న చిన్న ఫిర్యాదులు తర్వాత పంపుతానన్నాడు. ఆ ఫిర్యాదులు 14 పేజీలయ్యాయి. సాహిత్య విమర్శలో అంత సరదా అయిన, అంత నిక్కచ్చి అయిన పేజీలు అరుదు.

ఆ పేజీల్లో లూయిస్ ఎక్కడా తనుగా మాట్లాడడు. టోల్కీన్ కావ్యం ఎప్పటిదో ప్రాచీన గ్రంథమనీ, దానికి రకరకాల రాతప్రతులు దొరికాయనీ కల్పించాడు. వాటి మీద వాదించుకోవడానికి పీబాడీ, పంపర్‌నికెల్, షిక్, బెంట్లీ వంటి పండితుల్ని పుట్టించాడు. నచ్చని పంక్తి వస్తే అది కవి రాసింది అయ్యుండదని ఒక పండితుడి చేత అనిపిస్తాడు. ఏ లేఖకుడో పాడుచేశాడు, లేదా తర్వాతివాళ్లు చొప్పించారు. ఆ పక్కనే ఫలానా ప్రతిలో ఇంతకంటే మంచి పాఠం ఉందంటూ ఒక పంక్తి చూపిస్తాడు. ఆ 'మంచి పాఠం' లూయిస్ సొంతంగా రాసిందే. మెచ్చుకోలు కూడా ఆ పండితుల నోటనే పలికిస్తాడు.

లేఖక ప్రమాదం, ప్రక్షిప్తం, పాఠాంతరం అన్నవి మన ప్రబంధాల పీఠికలు తిరగేసినవాళ్లకు చుట్టాల్లాంటి మాటలు. అందుకే ఈ చమత్కారం తెలుగు పాఠకుడికి వివరించనక్కర్లేకుండానే అందుతుంది. ఇందులో ఇంకో కొంటెతనమూ ఉంది. రిచర్డ్ బెంట్లీ అనే నిజం పండితుడు 1732లో మిల్టన్ 'పారడైజ్ లాస్ట్'ను పరిష్కరిస్తూ, తనకు నచ్చని చోటల్లా అంధకవి మాటల్ని ఎవరో చెడగొట్టారని గట్టిగా నమ్మి దిద్దేశాడు. లోకం నవ్వింది. ఆయన నమ్మకంతో చేసిన పనినే లూయిస్ ఆటగా చేశాడు. ఆట కాబట్టే పని జరిగింది.

ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. టోల్కీన్ కావ్యానిది రెండేసి పంక్తులకు అంత్యప్రాస, పంక్తికి ఎనిమిది అక్షరాల నడక. అలాంటి బిగువులో ప్రాస కోసం పొల్లుమాటలు దూరడం, పదాలు తలకిందులు కావడం ఎంత మంచి కవికైనా తప్పదు. అలాంటి చోట 'ఇది బాగాలేదు' అంటే కవి నొచ్చుకుంటాడు, లేదా సమర్థించుకుంటాడు. నింద లేఖకుడి మీదకు నెట్టేసరికి కవి కూడా విమర్శకుడి పక్కన కూర్చుని తన పంక్తిని పరాయివాడి పంక్తిలా చూడగలుగుతాడు. పైగా పాఠాంతరం ఆజ్ఞ కాదు. మూలం అలాగే ఉంటుంది. తీసుకోవడం, మానడం పరిష్కర్త ఇష్టం. ఇక్కడ పరిష్కర్త కవే.

టోల్కీన్ ఏం చేశాడన్నది అసలు పరీక్ష. ఆయన కొడుకు క్రిస్టఫర్ 1985లో 'ద లేస్ ఆఫ్ బెలెరియాండ్'లో కావ్యాన్నీ ఈ వ్యాఖ్యనూ కలిపి అచ్చువేశాడు. లూయిస్ తప్పుపట్టిన పంక్తులు దాదాపు అన్నిటినీ తండ్రి దిద్దాడనో, దిద్దాలని గుర్తు పెట్టుకున్నాడనో అందులో తేల్చాడు. చాలాచోట్ల లూయిస్ పాఠమే, కొద్ది మార్పులతోనో యథాతథంగానో, కావ్యంలోకి ఎక్కింది. కొన్నింటిని మాత్రం టోల్కీన్ ఒప్పుకోలేదు.

ఈ ఇద్దరి స్నేహం చుట్టూనే తర్వాత 'ఇంక్లింగ్స్' అనే బృందం ఏర్పడింది. గురువారం రాత్రుళ్లు లూయిస్ గదిలో చేరి, రాస్తున్నవి చదువుకునేవారు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అధ్యాయాలు అక్కడే వినిపించాయి. అక్కడ అందరికీ లూయిస్‌లా నొప్పించకుండా విమర్శించే నేర్పు లేదు. బృందంలోని హ్యూగో డైసన్ ఆ నవల వినడానికి విసిగి, తను ఉండగా చదవడానికి వీల్లేదన్నాడు. అంతెందుకు, లూయిస్ రాసిన నార్నియా తొలి కథ విన్న టోల్కీనే అది తనకు నచ్చలేదని కొట్టిపారేశాడు. తను ఒకప్పుడు అందుకున్న మర్యాదను ఆయన తిరిగి ఇవ్వలేకపోయాడు.

మన ఊళ్లలో నెలనెలా కథలూ కవితలూ చదువుకునే సమావేశాల్లో ఎక్కువగా వినిపించేవి రెండే: 'బాగుంది', 'ఇంకా బిగువుగా ఉండాల్సింది'. రెండింటికీ శ్రమ అక్కర్లేదు. బిగువు తగ్గిన పంక్తి ఏదో చూపించి, దాని బదులు మరో పంక్తి రాసివ్వడానికి మాత్రం ఎదుటివాడి ఛందస్సులోకి, ఎదుటివాడి కథలోకి దిగాలి. తన గొంతు పక్కన పెట్టి ఆ కవి గొంతుతో ఆలోచించాలి. మారుపేర్ల సరదా లేకపోయినా ఆ పని చేయొచ్చు. ఆ శ్రమే లేకుంటే లూయిస్ పండితుల నాటకం వట్టి వెక్కిరింతగా మిగిలేది.