దేవుడు అడుగునది ఎంత? — క్లౌ దొర గ్రంథముపై కొన్ని మాటలు



పాములపాడు చుట్టుపట్ల ఏ సంఘములోనైనను, విశ్వాసి ఏమి చేయవలెనని అడిగి చూడుము. వచ్చు జవాబులన్నియు "వద్దు" అను మాటతో ముగియును. ఆదివారము పని వద్దు, జాతర వద్దు, సారా వద్దు. నేను వాటిని తప్పు పట్టుటలేదు. అయితే ఈ "వద్దు"లు మన పెద్దలకు ఎంత ఖరీదు పడినవో తెలిసికొనగోరి, నల్లమలకు ఆవల ఒంగోలులో పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ దొర గ్రంథమును మరల చదివితిని. దాని పేరు సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్. దొర 1910లో మరణించెను. ఆయన చెప్పగా వ్రాసిన ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు దానిని 1914లో అచ్చు వేయించిరి.

1866లో తోళ్ల వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. అతని వెంట మాదిగ పల్లెలు కదలెను. వారికి దొర నియమించినవి మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చదువుటకు ఇవి సులభమే. గాని కోతల వేళ ఆదివారము పొలమునకు రానన్న కూలివానిని ఆ కాలపు రైతు ఊరకుండనిచ్చెనా? చచ్చిన గొడ్డు వారికి ఊరు ఇచ్చు హక్కు. దానిని మానిన ఇంటిలో కూడు తగ్గును. జాతరలో డప్పు కొట్టుట వారి వంతు. కొట్టనన్నవాడు దెబ్బలు తినెను. ఒక్కొక్క నియమము వారి గంజి కుండను తాకినది. గ్రంథములోని మొదటి బలము ఇదే. దొర ఈ బాధను దాచలేదు.

రెండవ బలము కరవు అధ్యాయము. 1876–78 కరవులో మన కర్నూలు సీమయు ఎండిపోయినది. తాతలు చెప్పిన ధాత కరవు అదే. దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి చూపెను. (కె.సి. కాలువ గట్టున పుట్టినవారికి కాలువ త్రవ్వుట ఎట్టి పనియో నేను చెప్పనక్కరలేదు.) అప్పుడు బాప్తిస్మము కోరినవారు అనేకులు. ఆయన ఇవ్వలేదు. కూటికొరకు ఎవరును రాకూడదని, సహాయము ముగియువరకు నెలల తరబడి తలుపు మూసియుంచెను. తరువాత 1878 జూలై 3న, మన నల్లమలలోనే పుట్టిన గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను ప్రసంగములలో చాలమంది చెప్పుదురు. మూసిన తలుపు సంగతి చెప్పువారు తక్కువ. నా మట్టుకు ఆ అధ్యాయమంతటిలో గొప్పది ఆ మూసిన తలుపే.

ఇక లోపములు. మొదటిది, ఇందులో మాటలాడునది దొరయే. పల్లెవారి నోటి మాట వినగోరువారు అమ్మగారే 1899లో ప్రకటించిన వైల్ సూయింగ్ శాండల్స్ చూడవలెను. మాదిగ పెద్దలు చెప్పిన సంగతులు అందులో కలవు. రెండవది పెద్దది. ఆ మూడు నియమములు కూలివానికి ఏర్పరచినవి. కూలి ఇచ్చువానికి నాల్గవ నియమము అందులో లేదు. నాడు అట్టివారు సంఘములో ఎందరుండిరి గనుక? ఆ మట్టుకు దొరను నేను నిందింపను.

గాని నేడు సంగతి వేరు. బానకచెర్ల తలుపుల క్రింద నీరు పారు మళ్లలో మనవారివియు కలవు. ఆ మళ్లలో నాటువారిని, ఆ చేలలో ఏరువారిని మనమును పిలిచికొనుచున్నాము. అయినను తాతలనాటి మూడు నియమములే మన కొలబద్ద. చచ్చిన గొడ్డు మన వాకిటికి రాదు. ఆదివారము పని మానినందుకు ఎవడును మనలను కొట్టడు. వారికి కూడు పోగొట్టిన నియమము మనకు పైసా ఖర్చు లేనిదైనది. అదే ఆజ్ఞ అని మనము అనుకొనుచున్నాము గాని, చదువరీ, అదే విధేయత అగునా?

మీకా ఆరవ అధ్యాయము తెరచి చూడుము. వేల పొట్టేళ్లు, ఏరులై పారు నూనె ఇవ్వనా అని మనుష్యుడు అడుగును. దేవుడు కోరినవి న్యాయము, కనికరము, తనతో దీనముగా నడచుట. ఇంతవరకు ప్రతి కానుకల పండుగలోను విందుము. మరి రెండు మూడు వచనములు దాటగానే దొంగ త్రాసు, తక్కువ కొలత, సంచిలోని మోసపు రాళ్లు వచ్చును. అక్కడికి రాకముందే మన బోధకులు గ్రంథము మూయుదురు. ఆమోసు ఇంకను కఠినుడు. అతడు గద్దించిన వర్తకులు విశ్రాంతిదినమును మీరినవారు కారు, ఆచరించినవారే. అది ఎప్పుడు గడచునా, కొలత తగ్గించి ఎప్పుడు అమ్ముదుమా అని కాచుకొనియుండిరి.

దొర కాలువ పనికి వచ్చినవారు ఆకలితో వచ్చిరి. మన పత్తి చేనికి వచ్చు స్త్రీలును ఏడ్చు బిడ్డలను ఇంట విడిచి వత్తురు. వారికి కూలి కిలోల లెక్క. సాయంకాలము గట్టుమీద మూట కట్టి తూచునప్పుడు ముల్లును చూచువాడు ఒక్కడే, త్రాసు పట్టినవాడు. అతడు ఆదివారము ఆరాధనలో మన ప్రక్కనే కూర్చుండును. కొన్నిమార్లు అతడు మనమే.