బూరుగుచెట్టు నీడలో మోగ్లీ

పిల్లల కోసం తీసిన యానిమేషన్ ధారావాహికల మీద సాహిత్య విమర్శ అవసరమా అని మన విద్యార్థుల్లో కొందరు సందేహించవచ్చు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను చదువుకున్నవాళ్లకు ఈ సందేహం రాకూడదని మా అభిప్రాయం. జంతువులు స్నేహం చేసి, మోసపోయి, తప్పించుకుని, లోకరీతి నేర్చుకోవడమన్న సంవిధానం 1853లో అచ్చయిన ఆ గ్రంథంతోనే ఆధునిక తెలుగు వచనంలో స్థిరపడింది. పావురాలు, ఎలుక, కాకి, తాబేలు, లేడి మన గద్యానికి తొలి పాత్రలు. ఇవాళ తెర మీద బొమ్మల జంతువులు అదే పని చేస్తుంటే, అది పిల్లల కాలక్షేపమని పెద్దలు పక్క గదిలోకి వెళ్లిపోవడం సరికాదు.

ఈ విషయాన్ని మేము హైదరాబాదు నుంచి గాని విజయవాడ నుంచి గాని కాక, అహేరి, సిరొంచల వైపు నుంచి చూడదలచుకున్నాం. అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది భాష. చాందా జిల్లాతో పాటు ఈ ప్రాంతం 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వచ్చింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక అందులో భాగమైంది. రాష్ట్రం పేరు ఎన్నిసార్లు మారినా సిరొంచ వైపు ఇళ్లలో తెలుగు పోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి వైపు వెళితే మాడియా గోండి, టీవీ పెడితే హిందీ. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న మన పాఠకులకు ఈ పరిస్థితి కొత్తది కాదు.

రెండో కారణం నది. మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లాలో పుట్టిన వైనగంగ వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. అహేరి తాలూకా అంచున దిగి, సిరొంచ దగ్గర, కాళేశ్వరానికి ఎదురుగా గోదావరిలో కలుస్తుంది. కిప్లింగ్ 1894లో వెలువరించిన జంగిల్ బుక్‌లోని తోడేళ్లు ఆ సివనీ కొండలవే. పులి షేర్ ఖాన్ నివాసం వైనగంగ దగ్గర, తోడేలు గుహకు ఇరవై మైళ్ల దూరంలో. కిప్లింగ్ సివనీ చూడలేదు, అమెరికాలో వెర్మాంట్‌లో కూర్చుని రాశాడు. అయినా ఆయన కథలోని నీళ్లు ప్రవహించి ప్రవహించి వచ్చేది మన తెలుగువాళ్ల రేవులకే.

ఇక ఆ నది ఎక్కడ కలుస్తుందో అక్కడ రెండో కథ ఉంది. హితోపదేశంలో మిత్రలాభ కథ గోదావరి ఒడ్డున ఉన్న పెద్ద బూరుగుచెట్టుతో మొదలవుతుంది. చిన్నయసూరి మిత్రలాభమూ అక్కడే మొదలవుతుంది. కాకి తన మిత్రుడైన తాబేలు ఉండే కొలను దండకారణ్యంలో ఉందని ఎలుకకు చెబుతుంది. ఆ ఒడ్డు ఏది, ఆ చెట్టు ఏది అని సర్వే నంబర్లు అడగకూడదు. అలా స్థలనిర్ణయాలు చేసే ఉబలాటం మన పండితుల్లో కొంచెం ఎక్కువే. మా మాట ఇంతవరకే: జంతుమిత్రుల కథల్లో ప్రపంచప్రసిద్ధమైనవి రెండు, ఒకటి ఈ నీటికి ఎగువనా ఒకటి దిగువనా ఉన్నాయి. మధ్యలో ఉన్న పిల్లలకు ఈ రెండూ ఏ రూపంలో చేరాయన్నది విమర్శకు తగిన ప్రశ్న.

ఎగువ కథ జపాన్ మీదుగా చేరింది. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989-90లో 52 భాగాలుగా తీసిన జంగిల్ బుక్‌ను దూరదర్శన్ 1993లో ఆదివారం ఉదయాల్లో హిందీలో ప్రసారం చేసింది. గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ బాణీ, షేర్ ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు దేశమంతా పిల్లలకు కంఠతా వచ్చాయి. వైనగంగ కథ ఇంగ్లీషులో పుట్టి, జపనీసులో బొమ్మ కట్టించుకుని, హిందీలో తన ఊరికి తిరిగి వచ్చిందన్నమాట. తెలుగు, గోండి, మరాఠీ మాట్లాడే ఈ ఒడ్డు భాషలు మాత్రం ఆ ప్రయాణంలో ఎక్కడా లేవు.

ఈ ధారావాహికలో అనౌచిత్యాలు వెదకడం తేలిక. మోగ్లీ మిత్రుల్లో కీచీ ఒక ఎర్ర పాండా. అది హిమాలయాల జంతువు, సివనీ అడవిలో దానికి పని లేదు. మోగ్లీ చేతిలో ఆయుధం బూమరాంగ్. కిప్లింగ్ పేరు పెట్టకుండా తండ్రి తోడేలుగా వదిలేసిన పాత్రకు ఇక్కడ అలెగ్జాండర్ అని పేరు. ఇవన్నీ నవ్వు తెప్పించేవే గాని, వీటివల్ల కథకు జరిగిన నష్టం తక్కువ. ఎందుకంటే మూలంలోని ముఖ్యమైన విషయాన్ని వాళ్లు పట్టుకున్నారు. తోడేళ్లు వేటాడి బతుకుతాయి. ఆ సంగతి పిల్లల దగ్గర దాచలేదు. ఆకలికి చంపడం వేరు, సరదాకు చంపడం వేరు అన్న అడవి నియమం నోటిపాఠంగా కాక కథలో చిక్కుగా వస్తుంది. పైగా మోగ్లీ వారం వారం పెరుగుతాడు. తనతో ఆడుకున్న తోడేలుపిల్లలను విడిచి చివరికి మనుషుల మధ్యకు వెళతాడు. స్నేహానికి గడువు ఉంటుందని చెప్పే బాలసాహిత్యం మనకు ఎంత ఉందని?

అయితే దిగువన ఉన్న మనం కిప్లింగ్‌ను అంత సులువుగా వదలకూడదు. 1895 నాటి రెండో జంగిల్ బుక్‌లో రేచుకుక్కల దండు సివనీ మీద పడుతుంది. అవి వచ్చేది దక్కన్ నుంచి. నియమం ఎరగనివి, గుహ లేనివి, మోగ్లీ మందకు ఏ విధంగానూ సాటిరానివి అని ఆ కథ వాటిని చిత్రిస్తుంది. వైనగంగ లోయలో తేనెటీగల చేత, నీటి చేత వాటిని చంపించడం మోగ్లీ గొప్ప విజయం. సివనీకి దక్షిణాన ఉన్నది మనమే. అడవి నియమం ఎవరికి ఉందో, ఎవరికి లేదో నిర్ణయించే అధికారం ఎక్కడిదన్న ప్రశ్న అహేరి విద్యార్థి వేస్తే, అది అతి పఠనం అని కొట్టిపారేయలేం. జంతుశాస్త్రం ప్రకారం చూసినా రేచుకుక్కల మందకు ఉన్న కట్టుబాటు తోడేళ్ల మందకు తీసిపోదు.

దిగువ కథ సంగతి. మిత్రలాభంలో కాకి వచ్చి ఎలుకతో స్నేహం అడిగినప్పుడు హిరణ్యకుడు వెంటనే ఒప్పుకోడు. నువ్వు తినేవాడివి, నేను తిండిని, మనకు స్నేహమేమిటని నిలదీస్తాడు. లేడిని నక్క నమ్మించి మోసం చేసిన కథ చెప్పి మరీ కాదంటాడు. కాకి బతిమాలి, వాదించి, నమ్మకం సంపాదించుకోవాలి. స్నేహం అనేది ఆకలిని మరచిపోవడం కాదు. ఆకలి ఉందని ఇద్దరికీ తెలిసిన తరువాత చేసుకునే ఒడంబడిక. మన దృష్టిలో నీతిచంద్రిక గొప్పతనం దాని నీతుల్లో లేదు. ఈ అనుమానంలో ఉంది. పాఠ్యపుస్తకాలు ఆ అనుమానాన్ని కత్తిరించి నీతిని మిగిల్చాయి.

పావురాల ఘట్టం తెరకు ఎక్కిన తీరు దీనికి మంచి ఉదాహరణ. ఫిల్మ్స్ డివిజన్ 1974లో విజయా మూలే దర్శకత్వంలో, భీమ్‌సేన్ బొమ్మలతో తీసిన ఏక్ అనేక్ ఔర్ ఏకతా దూరదర్శన్ తరం వాళ్లందరికీ గుర్తు. పిట్టలు వలలో పడతాయి, కలిసికట్టుగా వలతో సహా ఎగురుతాయి, ఎలుకలు తాళ్లు కొరుకుతాయి. చిన్న చిత్రం, పొదుపైన రేఖలు, ఇప్పటికీ చూడదగినది. కాని ఇందులో రాజు లేడు, ఉపాయం చెప్పే తెలివైన పిట్ట మాత్రం ఉంది. గణతంత్ర దేశపు చిత్రంలో రాజు లేకపోవడం సహజమే. రాజుతో పాటు పోయినవి రెండు ఉన్నాయి. వలలో పడ్డాక పావురాలన్నీ గింజలకు ఆశపెట్టిన ముసలి పావురాన్ని తిట్టడం మొదలుపెడితే, ఇది తప్పులెంచే సమయం కాదని చిత్రగ్రీవుడు ఆపుతాడు. తరువాత ఎలుక ముందు నీ కట్లు కొరుకుతానంటే, నా వాళ్లవి ముందు కొరుకు, ఆనక నావి అంటాడు. ఈ రెండు మాటలూ లేకపోతే మిగిలేది సంఖ్యాబలం గురించిన పాఠం. అది మంచి పాఠమే. మూలకథ అంతకన్నా కష్టమైనది అడిగింది: కష్టంలో ఎవరిని నిందించకూడదు, ఎవరు చివరన నిలబడాలి?

ఇటీవలి కాలంలో పసిపిల్లల కోసం వస్తున్న ధారావాహికల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఏనుగుపిల్ల, కుందేలు, పులిపిల్ల దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, ఒకే బుట్టలో పండ్లు తింటాయి. ఒకరు అబద్ధం చెబుతారు, లేదా బొమ్మ పంచుకోరు, లేదా చీకటికి భయపడతారు. పది నిమిషాల్లో పెద్దవాళ్లెవరో వచ్చి క్షమాపణ చెప్పించి కథ ముగిస్తారు. మూడేళ్ల బిడ్డకు ఇందులో హాని లేదు. ఇందులో ఉన్నవి జీవితపాఠాలు అని చెప్పుకోవడమే మాకు అభ్యంతరం. ఇవి నడవడి పాఠాలు. హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ తీసి, 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ఛోటా భీమ్‌లో జగ్గు అనే కోతి ఉంది గదా అనవచ్చు. జగ్గు తోక ఉన్న ఇంకో కుర్రవాడు, అంతే.

అహేరి తాలూకా కమలాపురంలో అటవీశాఖ ఏనుగుల శిబిరం ఉంది. 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి అడవి ఏనుగుల గుంపు గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది. గొలుసుతో కట్టిన ఏనుగునూ, చేలో పడే ఏనుగునూ ఎరిగిన ప్రాంతపు బిడ్డకు, పుట్టినరోజు కేకు కోసే ఏనుగు ఏం నేర్పుతుంది? భామరాగడ్ తాలూకా హేమల్‌కసాలో 1973 నుంచి నడుస్తున్న లోక్ బిరాదరీ ప్రకల్ప్‌లో తల్లిలేని అడవి జంతువులను సాకే చోటు ఉంది. మాడియా వేటగాళ్లు చంపి తెస్తున్న కోతి ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న పిల్లను అడిగి తీసుకోవడంతో అది మొదలైందని డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే చెప్పుకున్నారు. వేటగాళ్లు దుర్మార్గులు కారు, ఆకలిగొన్నవాళ్లు. పిల్ల ప్రాణమూ అబద్ధం కాదు. హిరణ్యకుడి ప్రశ్న అక్కడ పుస్తకంలో లేదు, దారిలో ఉంది. ఇంత వస్తువు చేతి దూరంలో ఉండగా మన బొమ్మల కథలు పంచదార బొమ్మల దగ్గర ఆగిపోవడం విచారకరం.

భాష గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. తెలుగులోకి అనువదించిన ధారావాహికల్లో జంతువులన్నీ ఒకరినొకరు ఫ్రెండ్ అనుకుంటాయి. మన జానపద కథల్లో ఆ మాట అవసరమే రాలేదు. నక్కబావ, ఎలుగుబంటి మామ, కాకమ్మ, పిచ్చుకమ్మ అని వరసలు ఉన్నాయి. ఇవి ముద్దుపేర్లు మాత్రమే కావు. బావ అన్నామంటే వేళాకోళం ఆడే హక్కు వచ్చింది, మోసపోయే అవకాశమూ వచ్చింది. మామ అన్నామంటే పెద్దరికం వచ్చింది, పెట్టుపోతలు వచ్చాయి. నక్క ఏ రకం జంతువో కథ మొదలుకాకముందే పిలుపు చెప్పేస్తుంది. చిన్నయసూరి సంస్కృత నామాలు ఈ సౌకర్యాన్ని వదులుకున్నాయి, దానికి బదులు పాత్రకో గాంభీర్యం తెచ్చాయి. అనువాద ధారావాహికలు రెండూ వదులుకున్నాయి. సిరొంచలో బడికి వెళ్లాక తెలుగు అక్షరం చూడని పిల్లవాడికి తెర మీద తెలుగు వినిపించడమే ఒక మేలు అని వాదించేవారున్నారు. ఆ వాదంలో బలం ఉంది. కాని ఆ తెలుగులో వాళ్ల అమ్మమ్మ నక్కను పిలిచే పిలుపు లేకపోతే, అది వాడికి మూడో భాషో నాలుగో భాషో అవుతుంది గాని ఇంటిభాష కాదు.

చివరగా, ఇంతవరకు మన యానిమేషన్‌వాళ్ల కంట పడని ఒక తాబేలు గురించి. నాగపూరులో పనిచేసిన స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన గోండుల లింగో గాథను, ఆయన పోయాక, 1866లో రిచర్డ్ టెంపుల్ అచ్చు వేయించాడు. అందులో వరద ఏటి దగ్గర చిక్కుకున్న నలుగురు గోండులను ఒడ్డు చేరుస్తానని మొసలి వీపున ఎక్కించుకుంటుంది, నడి ఏట్లో ముంచబోతుంది. తాబేలు వచ్చి కాపాడుతుంది. ఇకమీదట తాబేలుకు కీడు చేయమని వాళ్లు ప్రమాణం చేస్తారు. మంథరుడిని కాపాడటానికి లేడి, కాకి, ఎలుక చేరాయి. ఇక్కడ మనుషులే తాబేలుకు రుణపడ్డారు. ఆ రుణం స్నేహం పేరుతో కాక ఒట్టు రూపంలో ఉంది, తరతరాలు తీర్చవలసినదిగా ఉంది. ఈ ఘట్టాన్ని సిరొంచ తెలుగులోకి తేవలసి వస్తే మొదటి చిక్కు మొసలి పిలుపు దగ్గరే వస్తుంది. మామ అంటే ఆ నలుగురూ నమ్మి వీపు ఎక్కడానికి కారణం దొరుకుతుంది. బావ అంటే వినే పిల్లలు ముందే నవ్వేస్తారు, నడి ఏట్లో భయం పుట్టదు. మేమైతే మామ వైపే మొగ్గుతాం.