ఊరేగింపు మేళము: మోటుదనపు పునఃసృష్టి

మన సాహిత్యమున పెండ్లి ఊరేగింపు వర్ణనలకు కొదవ లేదు. చెవిని పడు మేళము మాత్రము అరుదు. తూర్యములు మ్రోగినవనియు, దిక్కులు పిక్కటిల్లినవనియు చెప్పి ప్రాచీనకవి ముందునకు సాగును. ఆధునిక కథకుడు ‘డండనక’ అని ఒక్కమారు వ్రాసి పని ముగించుకొనును. ఈ రెండింటను శబ్దమునకు పేరున్నది గాని శబ్దము లేదు.

మోటుదనము వాద్యకారుని అజ్ఞానమని తలచుటయే ఇందుకు మొదటి కారణము. వీథిలో వాయించువాడు నడచుచు వాయించును, ఊపిరి చాలదు. పైకప్పు లేదు గనుక నాదము ఆకాశము పాలగును. నాలుగు బాకాలు ఒకే పాట ఎత్తుకొన్నపుడు వాని శ్రుతులు వెంట్రుకవాసి ఎడమగును. ఆ ఎడమే ధ్వనికి వెడల్పు నిచ్చును. తోపుడుబండికి కట్టిన గొట్టపు మైకు మంద్రమును, మిక్కిలి తారమును మ్రింగి, నడిమి స్వరములను మాత్రము చెవిలో గ్రుచ్చును. డప్పు సంగతి వేరు. మంట సెగ చూపి చర్మము బిగించినగాని సిర్ర దెబ్బ పలుకదు. రాత్రి చల్లబడిన కొలది మరల సెగ కావలెను. స్టూడియోలో ఒక్కొక్క వాద్యమును విడిగా, తేటగా ముద్రించి కలిపినచో ఇవి యన్నియు మాయమగును. అపుడు మిగులునది శుభ్రమైన సంగీతమే, ఊరేగింపు కాదు.

ఈ చిక్కును ఎదుర్కొన్న పాట యొకటి 2009 నాటి హిందీ చిత్రము ‘దేవ్ డి’లో కలదు. అనురాగ్ కశ్యప్ దర్శకుడు. అమిత్ త్రివేది స్వరకర్త. అమితాబ్ భట్టాచార్య గీతకర్త. శరత్‌చంద్రుని ‘దేవదాసు’ 1917లో వెలువడినది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వచ్చిన తెలుగు చిత్రముతో అది మన యింటి కథయే అయినది. అందు సుబ్బురామన్ స్వరములు నాయకుని దుఃఖము ప్రక్కన కూర్చుండి ఓదార్చును. ‘దేవ్ డి’లోని ‘ఇమోసనల్ అత్యాచార్’ ఓదార్పదు. పారో పెండ్లిలో, బ్యాండు మేళపు హోరులో, ప్రేమ చేసిన దౌర్జన్యమును గూర్చి గొంతు చించుకొని పాడును. అదే పాట రాక్ పద్ధతిలోను ఆ చిత్రపు సంపుటిలో నున్నది. అక్కడ అది నాయకుని సొంత మొర. బ్యాండులో లోకపు నవ్వు. మోటుదనము అలంకారముగా గాక అర్థముగా పనిచేసిన సందర్భమిది.

అయినను పాట పేరు వద్దనే నాకొక అభ్యంతరము. ఆంగ్లపదమును వంకర ఉచ్చారణతో వ్రాసి నగరవాసిని నవ్వించు ఉద్దేశము అందు కనబడుచున్నది. ఆ నవ్వు కొంత బ్యాండువాని మీదను పడును. అనుకరించుటకును వెక్కిరించుటకును నడుమ గీత సన్ననిది. మన కథలలో పల్లెయాస వ్రాయువారికి ఈ గీత తెలియనిది కాదు.

సూరతు నగరపు బమ్రోలి, పాండేసర ప్రాంతములు మరమగ్గముల నెలవులు. తెలంగాణము నుండి నేతపనికై తరలిన కుటుంబములు సూరతు, భివండి, షోలాపురములలో స్థిరపడినవి. సాంచాల చప్పుడులో మనిషి మాట మనిషికి వినబడని చోట పెండ్లి మేళము ఎంత బిగ్గరగా మ్రోగవలెనో ఊహింపుడు. పైగా తెలంగాణపు బరాతు పెండ్లి ముగిసిన పిదప వధూవరులతో సాగును. గుజరాతీల వరఘోడో పెండ్లికి ముందే వరుని గుఱ్ఱమెక్కించి తెచ్చును. ఆ సందులలోని జీవితమును వ్రాయబూనిన కథకునికి ‘డండనక’ యేమి చాలును? చప్పుడును చప్పుడుతోనే వ్రాయబోక, దాని దెబ్బ తిన్నవానిని వ్రాయవలెను: అదరు కిటికీ అద్దము, ఉలిక్కిపడి లేచిన ఉయ్యాలలోని పసిబిడ్డ, సాంచాల నడుమ అలవడిన చేసన్నతోనే మేళము నడుమను కూతురిని పిలుచు తల్లి.

వాయించు చేతిని గూర్చియు ఒక మాట. డప్పు మాదిగలపై తరతరములుగా వెట్టియై మోపబడినది. 1994లో ఆరంభమైన దండోరా ఉద్యమము దానినే ఆత్మగౌరవచిహ్నముగా ఎత్తిపట్టినది. ఈ రెండును ఒకే దెబ్బలో వినవచ్చును. కాని పెండ్లికొడుకు పట్టుపంచె అంచు వరకు వర్ణించు మన రచయితలలో, సెగ వద్ద డప్పు త్రిప్పుచు కూర్చున్నవానికి ఒక పేరు పెట్టి, అతని నోట రెండు మాటలు పలికించినవారు ఎందరు?